రెండో గుమ్మడికాయ

ఆ సోమవారం ఉదయం త్రినాథరావు పెట్టుకున్న పనులు మూడే. తొందరగా బ్యాంకుకు చేరడం, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టించడం, సిబ్బందితో కలిసి ఒక ఫొటో దిగడం. కౌంటరు తెరిచే వేళకు ఈ మూడూ అయిపోతాయనీ, ఆ తరవాత నింపాదిగా ఒక కాఫీ తాగవచ్చనీ ఆయన అనుకున్నాడు. మూడు పనులూ అనుకున్నట్టే జరిగాయి. కాఫీ మాత్రం సాయంత్రం వీధిదీపాలు వెలిగాక గాని దొరకలేదు.

త్రినాథరావు శ్రీ స్థిరలక్ష్మి సహకార బ్యాంకు ఫిల్మ్ నగర్ బ్రాంచికి మేనేజరు. పేరుకు బ్రాంచి గాని, కొండను తొలిచి వేసిన రోడ్డు వాలులో, సినిమా దుస్తులు అద్దెకిచ్చే కొట్టుకూ ఒక టీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న రెండు గదులు. హీరోల ఖాతాలూ నిర్మాతల ఖాతాలూ బంజారా హిల్స్ బ్రాంచిలో ఉండేవి. అక్కడ ఏసీ ఉంది, వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తారు. ఫిల్మ్ నగర్ బ్రాంచికి వచ్చేది లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, సెట్లు కట్టే మేస్త్రీలు, గుంపు దృశ్యాల్లో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లకు ఏసీ అక్కర్లేదు. పాసుపుస్తకం ఇచ్చినప్పుడు లోపలి మనిషి తలెత్తి పలకరిస్తే చాలు. త్రినాథరావు పలకరించేవాడు.

అది తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలం. ఊళ్లో ఫైనాన్సు కంపెనీలు ఒకదాని వెనక ఒకటి షట్టర్లు దించేస్తున్నాయి. పొద్దున్నే పేపరు తెరిస్తే ఏదో ఒక కంపెనీ ముందు జనం, షట్టరు మీదకి రాళ్లు. రాళ్లు తగిలేది షట్టరుకే. లోపలి మనిషి అంతకు ముందే గోడ దూకి ఉండేవాడు. డైరెక్టర్లను అడిగితే పెద్దాయన్ని అడగమనేవారు. పెద్దాయన్ని అడుగుదామంటే ఫోను మోగుతూనే ఉండేది. "మా డబ్బుకు జవాబు ఎవరు చెప్తారు?" అని ఒక ముసలమ్మ చెయ్యి చాచి అడుగుతున్న ఫొటో ఒకటి పేపర్లో పడింది. ఆ బొమ్మ త్రినాథరావు మనసులోంచి చాలా రోజులు పోలేదు.

అలా మునిగినవాళ్లలో నాగేశ్వరి ఒకతి. మద్రాసులో మొదలుపెట్టి హైదరాబాదు దాకా సినిమాల్లో పేరంటాళ్ల వరసలో నిలబడుతూ వచ్చిన జూనియర్ ఆర్టిస్టు. ఫిల్మ్ నగర్ బస్తీ చివర బండరాళ్ల మధ్య నాలుగు గోడలు లేపుకుంది. పైకప్పు ఇంకా రేకులే. స్లాబు కోసం దాచుకున్న దానిలో సగం ఒక ఫైనాన్సు కంపెనీతో పాటు పోయింది. మిగిలిన సగాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకుంటానని మొండికేస్తే, త్రినాథరావే కూర్చోబెట్టి నచ్చజెప్పి తన బ్యాంకులో వేయించాడు. ఆ రోజు ఆమె సంతకం పెట్టబోతూ కలం ఆపింది.

"రేపు ఇదీ మూసేస్తే నేనెవర్ని అడగాలి సార్?"

"నన్నడుగమ్మా," అన్నాడాయన.

అనడానికి ఎంతోసేపు పట్టలేదు. కాని ఆ మాట ఆయన మీద ఒక బరువై కూర్చుంది. వానాకాలం లోపల ఆమె స్లాబు పడితే గాని అది దిగదు. అప్పటికి రెండు దఫాలు సిమెంటు కొనడానికి కొంచెం కొంచెం తీసుకువెళ్లింది. మిగతాది ఇంకా బ్యాంకులోనే ఉంది.

జనం భయపడి కొత్త డిపాజిట్లు వేయడం మానేసేసరికి, గుమ్మడికాయతో దిష్టి తీయించమని సలహా ఇచ్చింది ఆయన భార్య రాజ్యలక్ష్మి. ఊరందరి కళ్లూ బ్యాంకుల మీదే ఉన్నాయి, తగలకుండా ఎలా ఉంటుందన్నది ఆమె వాదన. అమావాస్య ఆదివారం నాడు వచ్చింది. ఆదివారం బ్యాంకుకు సెలవు. ఏం చేద్దామని అటెండరు భిక్షాన్ని అడిగితే అతను తేలిగ్గా తేల్చేశాడు.

"సోమారం పొద్దుగాల కొడదాం సారూ. అమాస పొయ్యి ఎంతసేపైంది? దిష్టికి తారీకులు తెలుస్తయా?"

అతనే మార్కెట్టుకు వెళ్లి బూడిద గుమ్మడికాయలు రెండు తెచ్చాడు. ఒకటి కొట్టడానికి, ఒకటి గుమ్మానికి వేలాడదీయడానికి. ఫొటో సంగతి వేరు. బ్యాంకు పెట్టి పాతికేళ్లు నిండుతున్నాయని హెడ్డాఫీసు వాళ్లు ఒక సంచిక వేస్తున్నారు. ప్రతి బ్రాంచి సిబ్బందీ బోర్డు కింద నవ్వుతూ నిలబడి ఫొటో పంపాలని చైర్మన్ గారి ఆదేశం. స్టూడియోలో స్టిల్స్ తీసే ఖాతాదారు ఒకాయన ఉచితంగా తీస్తానన్నాడు. ఎలాగూ అందరూ గుమ్మం ముందుకు వస్తారు కనక రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని త్రినాథరావు లెక్క వేశాడు.

పద్ధతి ప్రకారం జరుగుతుందో లేదో చూడడానికి రాజ్యలక్ష్మి కూడా వచ్చింది. భిక్షం కాయకు గంటు పెట్టి, కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, బ్యాంకుకు మూడుసార్లు తిప్పి నేలకు వేసి కొట్టాడు. కాయ ముక్కలై ఎర్రగా రోడ్డు వాలు వెంట కొంత దూరం జారింది. క్యాషియరు శారదాదేవి నెత్తిన అక్షింతల్లా పడ్డ గింజలు దులుపుకుంది. తరవాత అందరూ బోర్డు కింద వరసగా నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ రాజ్యలక్ష్మిని కూడా రమ్మన్నాడు, కుటుంబసభ్యులు ఉంటేనే నిండుగా ఉంటుందన్నాడు. అందరూ నవ్వారు. కెమెరా మెరిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు మనుషులకు గుమ్మడికాయ అమావాస్య నాటి దిష్టి వస్తువు. సినిమా మనుషులకు అంతకన్నా పెద్ద విషయం. సినిమాకు కొబ్బరికాయ కొడితే మొదలు, గుమ్మడికాయ కొడితే ముగింపు. ఆఖరి షాటు అయ్యాక గుమ్మడికాయ కొడతారు, యూనిట్ అంతా వరసగా నిలబడి ఫొటో దిగుతుంది, అంతే. మర్నాటి నుంచి ఆ ఆఫీసు ఉండదు, ఆ ఫోను పలకదు, ముఖ్యంగా డబ్బులిచ్చే ప్రొడక్షన్ మేనేజరు కంటికి కనపడడు. అందుకే ఆ పరిశ్రమలో లైట్లు మోసేవాడి నుంచి డాన్సులు కట్టేవాడి దాకా అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది. రావలసిన బాకీ గుమ్మడికాయ పగలకముందే తీసుకోవాలి. పగిలాక అడిగినవాడికి టీ దొరుకుతుంది, డబ్బు దొరకదు.

పక్క టీ కొట్టులో మేకప్ చీఫ్ బసవపున్నయ్య కూర్చుని ఉన్నాడు. మద్రాసు రోజుల నుంచీ ఎన్నో గుమ్మడికాయలు చూసినవాడు, వాటిలో సగానికి పైగా చేతిలో బాకీ పడకుండానే చూసినవాడు. ఆయన కాయ పగలడం చూశాడు. అమావాస్య నిన్ననే పోయిందని గుర్తు చేసుకున్నాడు. గ్రూపు ఫొటో చూశాడు. మేనేజరు గారి భార్య కూడా వచ్చి నిలబడడం చూశాడు. టీ గ్లాసు సగంలోనే కింద పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా, నడుముకు కట్టుకున్న సంచిలోంచి పాసుపుస్తకం తీస్తూ బ్యాంకులోకి నడిచాడు.

ఒక పెద్దమనిషి టీ వదిలేసి వెళ్లాడంటే ఆ కొట్టులో మిగతావాళ్లు ఎలా తాగుతారు? వాళ్లూ లేచారు.

"శుభమా అంటూ బాగానే జరిపించారు బాబూ," అన్నాడు బసవపున్నయ్య త్రినాథరావుతో. "మరి నా బాకీ ఇప్పించేస్తే వెళ్తాను."

"బాకీ ఏంటండీ, అది మీ డిపాజిట్టు."

"పేరు ఏదైతేనేం లెండి. గుమ్మడికాయ పగిలింది కదా."

"అది దిష్టికండీ."

"అమావాస్య నిన్న కదండీ?"

త్రినాథరావు ఆదివారం సెలవు సంగతి వివరించాడు. నిజం చెప్పేటప్పుడు కూడా ఆయన కొంచెం తడబడతాడు, అది ఆయన స్వభావం. వెనకాల నిలబడ్డవాళ్లు ఆ తడబాటును శ్రద్ధగా విన్నారు. గడువు తీరని డిపాజిట్టు తీయాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి కనక రేపు రమ్మని ఆయన మర్యాదగా చెప్పాడు.

రేపు అన్న మాట వినగానే గది అంతా ఒక్కసారి సర్దుకుని నిలబడింది. ఆ పరిశ్రమలో అంతగా భయపెట్టే మాట ఇంకొకటి లేదు. బసవపున్నయ్య మెల్లగా కౌంటరు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్న తీరు చూస్తేనే తెలిసింది, ఇక లేవడని.

ఎండ ముదిరేసరికి వార్త స్టూడియో గేటు దాటి లోపలికి వెళ్లింది. మేకప్‌తో ఉన్నవాళ్లు మేకప్‌తోనే, కిరీటాలతో ఉన్నవాళ్లు కిరీటాలతోనే వచ్చారు. కాని వచ్చినవాళ్లు రాళ్లు తేలేదు, అరవలేదు. గుంపుగా రోజంతా ఎండలో కూర్చోవడం వాళ్ల వృత్తి. చెప్పకుండానే వరసలు కట్టారు, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. లైట్ల వాళ్లు ఇద్దరు వెళ్లి, హీరోయిన్ మొహం మీద ఎండ పడకుండా పట్టే పెద్ద తెల్లగుడ్డ తెచ్చి, గర్భిణిగా ఉన్న ఒకామె నెత్తి మీద కర్రలతో ఎత్తి పట్టారు. దారిన పోయేవాళ్లు అది షూటింగు అనుకుని ఆగి, హీరో ఎవరని ఆరా తీశారు. ఒక కానిస్టేబులు వచ్చి రోడ్డు మీద షూటింగుకు పర్మిషన్ ఉందా అని అడిగాడు. విషయం తెలిశాక, తన బావమరిది ఖాతా కూడా ఇక్కడే ఉందని చెప్పి వరసలో నిలబడ్డాడు.

ఇంతమంది ఎండలో ఉన్నారని త్రినాథరావుకు మనసు ఊరుకోలేదు. తన జేబులోంచి తీసి భిక్షం చేత అందరికీ టీలు తెప్పించాడు, బిస్కట్లతో సహా. బిస్కట్లు చూసేసరికి వరసలో మిగిలి ఉన్న కాస్త ఆశ కూడా పోయింది. డబ్బు లేని రోజున ప్రొడక్షన్ వాళ్లు ఉత్త టీ ఇస్తారు. బిస్కట్లు కూడా ఇచ్చారంటే ఆ నిర్మాత ఇక ఈ ఊళ్లో ఉండడు.

"సారూ, గివి గుడ తింటలేరు," అని భిక్షం ట్రే వెనక్కి తెచ్చాడు. "ముట్టుకుంటే బాకీ మాఫీ చేసినట్టంట."

ఇంత గొడవలో రాజ్యలక్ష్మి ఇల్లు చేరాలనుకుంది. రెండో గుమ్మడికాయను వేలాడదీద్దామంటే గుమ్మం పైన కొక్కెం తుప్పు పట్టి ఊడి చేతికి వచ్చింది. వృథాగా పోవడం ఎందుకు, వడియాలు పెట్టుకోవచ్చునని ఆమె దాన్ని సంచిలో వేసుకుంది. ముందు గుమ్మం దగ్గర జనం కనక వెనక గుమ్మం నుంచి బయటపడింది. సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది.

సందు మొగలో నిలబడ్డ ఇద్దరు లైట్ల వాళ్లు ఆ దృశ్యం చూశారు. బ్యాంకు మేనేజరు భార్య, వెనక గుమ్మం, బరువైన సంచి. వాళ్లు చెయ్యి వేయలేదు, అటువంటివాళ్లు కాదు. నమస్కారం పెట్టి, అమ్మగారూ బరువుగా ఉన్నట్టుంది, మేం మోస్తామన్నారు. ఆమె సంతోషంగా ఇచ్చింది. వాళ్లు తెరిచి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డబ్బు కట్టలుంటే అంత భయపడి ఉండేవాళ్లు కాదు.

"ఇంకో గుమ్మడికాయ ఎక్కడికమ్మా?" అని అడిగాడు ఒకడు.

"శ్రీనగర్ కాలనీకి బాబూ," అంది రాజ్యలక్ష్మి. వాళ్ల ఇల్లు అక్కడే.

స్థిరలక్ష్మి బ్యాంకుకు శ్రీనగర్ కాలనీలోనూ ఒక బ్రాంచి ఉంది. పాపం ఆ సంగతి ఆమెకు అప్పుడు గుర్తు లేదు. లైట్ల వాళ్లకు ఉంది. స్టూడియో వ్యాను ఒకటి క్షణంలో అటు బయలుదేరింది, ఆ బ్రాంచిలో కూడా సాయంత్రంలోగా కాయ కొట్టేస్తారని అక్కడివాళ్లకు చెప్పడానికి. గుమ్మడికాయ మాత్రం రాజ్యలక్ష్మితో సహా తిరిగి బ్యాంకుకే వచ్చింది. బసవపున్నయ్య దాన్ని కౌంటరు బల్ల మీద పెట్టించి ఇద్దరు మనుషులను కాపలా ఉంచాడు. అది పగలనంతసేపూ అడిగే హక్కు ఉంటుందని ఆయన లెక్క. ఆ ఇద్దరూ దాన్ని పసిబిడ్డలా చూసుకున్నారు. రాజ్యలక్ష్మికి కుర్చీ వేసి, ఫ్యాను ఆవిడ వైపు తిప్పారు. ఆ సమయంలో అది గొప్ప ఉపకారమని ఆమె తరవాత చాలాసార్లు చెప్పింది.

త్రినాథరావు హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. చైర్మన్ గారు ఊళ్లో లేరని అవతలి గుమాస్తా చెప్పాడు. ఆ మాట చెబుతుండగానే వెనకాల చైర్మన్ గారి దగ్గు వినిపించింది. ఆ దగ్గు బ్యాంకులో అందరికీ తెలుసు. త్రినాథరావు మళ్లీ చేశాడు. మూడోసారి చేసి, పేపరు వాళ్లు కెమెరాలతో వస్తున్నారట అని ఒక చిన్న అబద్ధం ఆడాడు. జీవితంలో ఆయన ఆడిన అబద్ధాలు తక్కువ, అందుకే బాగా పనిచేసింది. చైర్మన్ గారు వెంటనే ఊళ్లోకి వచ్చేశారు.

"ఎవడయ్యా నిన్ను గుమ్మడికాయ కొట్టమన్నది?"

"దిష్టి పోతుందనండీ."

"పోయేది దిష్టి కాదు, నీ ఉద్యోగం. విను. క్యాషు పంపిస్తున్నా. సినిమావాళ్లతో గొడవ వద్దు, ఒక్కడు ఏడిస్తే ఊరంతా ఫొటో పడుతుంది. అడిగినవాడికల్లా ఇచ్చెయ్. రేపటి నుంచి నువ్వే ఇంటింటికీ తిరిగి మళ్లీ వేయించాలి. ఒక శాతం వడ్డీ ఎక్కువిస్తామని చెప్పు."

"ఇవ్వగలమా అండీ?"

"చెప్పమన్నాను. ఇవ్వమని ఎవడన్నాడు? ఏం, నా మీద నమ్మకం లేదా?"

త్రినాథరావు ఫోను పెట్టేశాడు. ఏం చెప్పారని బసవపున్నయ్య అడిగితే, డబ్బు వస్తోందని చెప్పి ఊరుకుందామనుకున్నాడు. కాని పొద్దుటి నుంచీ ఈ మనిషి తన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, ఒక్క దురుసు మాట అనలేదు. అందుకని, నమ్మకం లేదా అని అడిగారండీ, అని కూడా అనేశాడు.

బసవపున్నయ్య ఎంతో సానుభూతిగా తల ఊపాడు. "అయితే మీ ప్రొడక్షన్ మేనేజరు కూడా అంతేనన్నమాట. మాకు ఆ డైలాగు మద్రాసులోనే చెప్పారు బాబూ. ముందు ఊళ్లో లేరంటారు, తరవాత రేపంటారు, ఆఖర్న నమ్మకం లేదా అంటారు. ఈ మూడూ వరసగా వచ్చాక వచ్చిన డబ్బు నేనెప్పుడూ చూడలేదు."

అలమారాలో వరసగా ఉన్న పాతికేళ్ల బ్యాంకింగు పుస్తకాలు ఏవీ ఇంత సూటిగా చెప్పలేదని త్రినాథరావుకు తోచింది.

మధ్యాహ్నం దాటాక ఒక అంబాసిడరు కారులో డబ్బు వచ్చింది. శారదాదేవి కొంగు బిగించి కౌంటరులో కూర్చుంది. బసవపున్నయ్య తన డబ్బు తీసుకుని వెంటనే వెళ్లిపోలేదు. చదువు రానివాళ్లకు కాగితాలు రాసిపెడుతూ చివరిదాకా ఉన్నాడు. శ్రీనగర్ కాలనీలో కూడా ఇస్తున్నారని వ్యాను తిరిగి వచ్చి చెప్పింది. జనం నోట్లు లెక్కపెట్టుకుంటూ, పొద్దున అనవసరంగా కంగారుపడ్డామేమో అని సిగ్గుపడడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురైతే త్రినాథరావు దగ్గరకు వచ్చి క్షమాపణ కూడా చెప్పుకున్నారు. వాళ్లు ఆ మాట అంటున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది.

అందరికన్నా ఆఖరున నాగేశ్వరి వచ్చింది. ఆ రోజు ఆమె ఒక పెళ్లి సీనులో జమీందారు గారి చెల్లెలు. షాటు మధ్యలో వదల్లేదు. పట్టుచీర, గిల్టు వడ్డాణం, తల నిండా పూలతో ఆయాసపడుతూ వాలు ఎక్కి వచ్చేసరికి వరస దాదాపు అయిపోయింది. ఆమె ఏమీ అడగలేదు. త్రినాథరావు వంక చూసిందంతే. ఆయనే కాగితం పూర్తి చేసి, తనే సంతకం పెట్టించి, నోట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

చేతిలో డబ్బు పడ్డాక ఆమె బెంచీ మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. అడిగినంతా ఇచ్చిన బ్యాంకు దొంగ బ్యాంకు ఎలా అవుతుందని ఆమెకు అనిపించింది. పైగా ఇంత డబ్బుతో చీకటి వేళ బస్తీకి నడవాలంటే భయం.

"మీరు చెప్పండి సార్," అంది. "మళ్లీ వేసెయ్యమంటే ఇప్పుడే వేసేస్తాను."

కౌంటరు దగ్గర ఇంకా ఉన్న పదిమందీ ఆ మాట విని తలలు తిప్పారు. ఆమె వేస్తే వాళ్లూ వేస్తారు. చైర్మన్ గారు అన్నది అక్షరాలా జరిగేలా ఉంది, రేపటి దాకా కూడా ఆగకుండా. శారదాదేవి కలం పట్టుకుని మేనేజరు వైపు చూసింది. త్రినాథరావుకు రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది.

"వద్దమ్మా," అన్నాడు. "రేపే మేస్త్రీని పిలిచి స్లాబు వేయించుకో."

"మరి బ్యాంకు?"

"నన్నడగమన్నాను కదా. అడిగావు, చెప్పాను."

పదిమందీ పాసుపుస్తకాలు మడిచి లోపల పెట్టుకున్నారు. నాగేశ్వరిని ఇంటి దాకా దిగబెట్టడానికి కాపలా మనుషులిద్దరూ లేచారు. త్రినాథరావు బల్ల మీది గుమ్మడికాయను తీసి ఆమె చేతికిచ్చాడు, గృహప్రవేశానికి పనికొస్తుంది, బూడిద గుమ్మడి నెలల తరబడి చెడదని. రాజ్యలక్ష్మి వడియాల ఆశ వదులుకుంది. టీ కొట్టు నుంచి ఒక కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ కాఫీలో పంచదార సరిపోలేదు. అంత మంచి కాఫీ మళ్లీ తాగలేదని ఆయన అంటూ ఉంటాడు.

మర్నాటి నుంచి త్రినాథరావు ఇంటింటికీ తిరగలేదు. ఆషాఢం రాకముందే స్థిరలక్ష్మి బ్యాంకు అన్ని బ్రాంచిల షట్టర్లూ ఒకేరోజు దిగాయి. డిపాజిట్లన్నీ చైర్మన్ గారి బంధువుల పేర ఉన్న కంపెనీలకు అప్పులుగా వెళ్లాయని పేపర్లు రాశాయి. ఆ కంపెనీలకు బోర్డులు తప్ప ఏమీ లేవని కూడా రాశాయి. బంజారా హిల్స్ బ్రాంచి ముందు పెద్ద పెద్ద కార్లు ఆగాయి. అక్కడి ఖాతాదారులు మర్యాదస్తులు, అంతకు ముందు చైర్మన్ గారు స్వయంగా కాఫీ ఇచ్చి నమ్మకం లేదా అంటే ఉందని చెప్పినవాళ్లు. ఇప్పుడు వాళ్లూ రాళ్లు పట్టుకున్నారు. రాళ్లు షట్టరుకే తగిలాయి.

జవాబు కోసం ఊరంతా వెతికింది. చైర్మన్ గారికి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో ఏసీ గదిలో చేరారు. డైరెక్టర్లు తమకు తెలియదన్నారు. ఆడిటర్లు చూపించినవి చూశామన్నారు. విచారణ సంఘం ఒకటి వేశారు. అది బ్యాంకు ఎలా మునిగిందని చాలా లోతుగా పరిశీలించి, ఎవరి మీదా ఏదీ రుజువు కాలేదని తేల్చింది. ఒక్క త్రినాథరావు మీద తప్ప. హెడ్డాఫీసు అనుమతి లేకుండా ఆఫీసు ఆవరణలో గుమ్మడికాయ కొట్టి, ప్రజల్లో విశ్వాసం సడలేలా ప్రవర్తించినందుకు ఆయన్ని సస్పెండు చేశారు. మూసేసిన బ్యాంకులోంచి మనిషిని ఎలా తీస్తారని శారదాదేవి ఆశ్చర్యపోయింది. త్రినాథరావు మాత్రం కొట్టించిన మాట నిజమేననీ బాధ్యత తనదేననీ చెప్పి వచ్చాడు. ఆ మొత్తం వ్యవహారంలో బాధ్యత నాది అన్న మనిషి ఇంకొకడు లేడు కనక సంఘం వాళ్లకు ఆ జవాబును ఏం చేయాలో తోచలేదు.

ఫిల్మ్ నగర్ బ్రాంచిలో డబ్బు పోయింది ఒక్క ఖాతాదారుకే. మేనేజరు అన్నవాడు ముందు తనది తీసుకోవడం బాగుండదని త్రినాథరావు తన డిపాజిట్టును ముట్టుకోలేదు. షట్టర్లు దిగిన రాత్రి రాజ్యలక్ష్మి, ఊరందరికీ దిష్టి తీశారు, మన ఇంటికి మర్చిపోయారని మాత్రం అంది. తరవాత అన్నం వడ్డించింది. కొన్నాళ్లకు బసవపున్నయ్య మాట మీద త్రినాథరావుకు ఒక సినిమా ఆఫీసులో లెక్కలు చూసే పని దొరికింది. అక్కడ టీకి లోటు లేదు.

శ్రావణంలో నాగేశ్వరి గృహప్రవేశం. వానలు పడుతున్నా కొత్త స్లాబు ఒక్క చుక్క కారలేదు. ఆ సోమవారం వరసలో నిలబడ్డవాళ్లంతా వచ్చారు, ఈసారి మేకప్ లేకుండా. అప్పుడు తెల్లగుడ్డ నీడలో నిలబడిన ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆ బూడిద గుమ్మడికాయను నాగేశ్వరి మంచం కింద భద్రంగా దాచి ఉంచింది. త్రినాథరావే తన చేత్తో గడప ముందు కొట్టాలని పట్టుబట్టింది. ఆయన వద్దు వద్దని చివరకు ఒప్పుకుని, కర్పూరం తిప్పి, కాయను రెండు చేతులా నెత్తి పైకి ఎత్తాడు. జనం వెనక్కి జరిగారు. ఇల్లు కట్టిన మేస్త్రీ వెంకటనర్సయ్య మాత్రం ముందుకు వచ్చాడు. పొద్దంతా స్టూడియోలో సెట్లు కట్టేది కూడా అతనే.

"జర ఆగుండ్రి సారూ," అన్నాడు. "అక్కా, నా మిగిలింది గీడ వెట్టు."

నాగేశ్వరి కొంగుముడి విప్పి అతని కూలి బాకీ చేతిలో పెట్టేదాకా, త్రినాథరావు గుమ్మడికాయను అలాగే ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు.